కనబడినదే గీయవలెను

చింతలంక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇరవై కంప్యూటర్లు ఉన్నాయి. వచ్చి ఐదేళ్లయింది. ఈ ఐదేళ్లలో వాటిలో ఒక్కటంటే ఒక్కటి చెడిపోలేదు. ఈ ఘనత జిల్లాలో మరే కళాశాలకూ దక్కలేదు. దక్కకపోవడానికి కారణం, మిగతా కళాశాలల వాళ్లు తొందరపడి వాటిని ఆన్ చెయ్యడం.

కంప్యూటర్లతో పాటే ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. "సదరు యంత్రములను తనిఖీ జరుగు పర్యంతము వచ్చిన స్థితిలోనే భద్రపరచవలెను" అని అందులో ఉంది. తనిఖీ ఇంతవరకూ జరగలేదు. అందుకని ప్రిన్సిపాల్ వైకుంఠరావు గారు ఒక్కో కంప్యూటరుకీ నీలం ప్లాస్టిక్ కవరు తొడిగించి, పురికొస కట్టించి, ముడి మీద లక్క సీలు వేయించి, నెంబరు చీటీ అంటింపజేశారు. ఏటా దసరాకి కవర్ల మీదే కుంకుమ బొట్లు పెట్టేవారు. మిగతా రోజుల్లో ఆ గదిలోకి ఎవరూ వెళ్లకపోయినా, వెళ్తే చెప్పులు బయట విడిచే వెళ్లాలని తలుపు మీద రాసి ఉండేది.

ఇలా అందరూ సుఖంగా ఉన్న రోజుల్లో, అక్టోబరు నెలలో రెండో ఉత్తర్వు వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులందరూ జనవరి నెలాఖరులోగా ఇరవై నాలుగు అత్యావశ్యక కంప్యూటర్ నైపుణ్యాలు సాధించాలట. సాధించినట్టు ధ్రువపత్రం లేనివారికి పబ్లిక్ పరీక్షల హాల్ టికెట్ ఇవ్వరట.

ప్రిన్సిపాల్ గారు వృక్షశాస్త్రం చెప్పే భానుమూర్తి మాస్టారిని పిలిపించారు.

"కూర్చోండి మాస్టారూ. కళాశాల యాజమాన్యం మీకొక గురుతర బాధ్యత అప్పగించ తలపెట్టింది," అన్నారు. యాజమాన్యం అంటే ఆయనే. తన గురించి తాను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఆయన కొంచెం దూరంగా నిలబడి చెప్పుకుంటారు.

ఉత్తర్వు చదివి భానుమూర్తి గారు కళ్లజోడు తీశారు. "నేను చెప్పేది చెట్ల గురించండీ."

"మీకు ల్యాబు ఉంది. మీరు పిల్లలచేత రికార్డు రాయిస్తారు. కంప్యూటరుకి కావలసింది ల్యాబూ, రికార్డూ. ఇక తేడా ఏముంది?"

"అయితే సీళ్లు విప్పిస్తారా అండి?"

ప్రిన్సిపాల్ గారు ఎవరైనా విన్నారేమోనని గుమ్మం వైపు చూశారు.

"మాస్టారూ! మొదటి ఉత్తర్వు యంత్రాల గురించి. రెండో ఉత్తర్వు నైపుణ్యాల గురించి. నైపుణ్యం సాధించమన్నారు గానీ యంత్రాన్ని ముట్టుకోమని ఎక్కడైనా ఉందేమో చూపించండి."

భానుమూర్తి గారు రెండుసార్లు చదివారు. నిజమే, ఎక్కడా లేదు.

రిటైరవడానికి ఆయనకింకా రెండేళ్లుంది. భార్య పోయి నాలుగేళ్లయింది. తన వంట తనే చేసుకుంటారు. మంగళవారం నాడు అటెండరు ఏసుపాదం భార్య చిన్న గిన్నెలో చింతచిగురు పప్పు పంపిస్తుంది. బోటనీ ల్యాబు కిటికీ పంట కాలువ వైపు ఉండడం వల్ల, కళాశాల మొత్తంలో ఎవరికీ రాని గాలి ఆయన ఒక్కడికే వస్తుంది. ఇన్ని వసతులున్న మనిషి ఒక ఉత్తర్వుతో పోట్లాడడం భావ్యం కాదని ఆయనకి తోచింది.

పైగా ఆలోచిస్తే దారి కూడా కనబడింది. పైన్ చెట్టు గురించి ఆయన ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నారు. చింతలంకలో పైన్ చెట్టుని చూసినవాడు లేడు, ఆయనతో సహా. సీసాలో మందునీళ్లలో నానుతున్న ఒక్క పైన్ కాయతో ముప్పై బ్యాచులు గట్టెక్కాయి. పైన్ చెట్టు లేకుండా పైన్ చెట్టు చెప్పగలిగినప్పుడు కంప్యూటరు ఏ పాటిది?

మర్నాడే నూట ఇరవై మంది పిల్లలూ రికార్డు పుస్తకాలు కొన్నారు. ఎడమవైపు తెల్ల కాగితం మీద పెన్సిలు బొమ్మ, కుడివైపు గీతల కాగితం మీద రాత. కప్పకీ మందార పువ్వుకీ ఏ పద్ధతో దీనికీ అదే పద్ధతి.

"ప్రయోగం నాలుగు," అని మాస్టారు బోర్డు మీద రాశారు. "ఉద్దేశం: ఫోల్డరు తెరచుట. కావలసిన పరికరములు: పెన్సిలు, స్కేలు, రబ్బరు. జాగ్రత్తలు: ఫోల్డరును నిదానముగా తెరవవలెను. తెరిచిన ఫోల్డరును మూయుట మరువరాదు."

టైపింగు కోసం అట్టముక్కల మీద మీటలు గీయించారు. మౌస్ కోసం ఏసుపాదం ప్లాస్టిక్ సబ్బుపెట్టెలు పోగుచేసి, ఒక్కోదానికీ తోకలా దారం కట్టి తెచ్చాడు.

"ఇందులో మా ఇంటిది కూడా ఒకటుందండి," అన్నాడు ఏసుపాదం. "సాయంత్రం ఇచ్చేయాలండి. మా ఆవిడ స్నానానికి వెతుక్కుంటాది."

నవంబరు కల్లా కళాశాల ముఖం మారిపోయింది. వరండాలో పిల్లలు సబ్బుపెట్టెలు జరుపుతూ "డబుల్ క్లిక్" అని నోటితో రెండుసార్లు చప్పుడు చేసేవారు. అట్టల మీద టైపింగ్ పోటీలు పెడితే, కామర్స్ కుర్రాడు ఒకడు నిమిషానికి నూట నలభై పదాలు కొట్టాడు. ఒక్క తప్పూ పడలేదు. ఏం కొట్టాడో ఎవరికీ కనబడలేదు గనక పడే అవకాశం కూడా లేదు. వాడికి ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పారు. పదిహేడో నైపుణ్యం ఇంటర్నెట్. దాన్ని బోధించేటప్పుడు మాస్టారు ఒక ప్రశ్న అడిగి, పిల్లలందర్నీ మూడు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టేవారు. "లోడ్ అవుతోంది" అనేవారు. ఆ మూడు నిమిషాలూ తరగతిలో కాలువ చప్పుడు వినబడేది. ముప్పై ఏళ్లలో ఏ పాఠానికీ అంత నిశ్శబ్దం దొరకలేదని ఆయన లోలోపల సంతోషించారు.

బొమ్మలు గీయడానికి మాత్రం పిల్లలు కంప్యూటరు గది కిటికీ దగ్గరికి వెళ్లాలి. చెప్పులు విడిచి, పదేసి మంది చొప్పున, చువ్వల్లోంచి చూసి గీయాలి.

జనవరిలో రికార్డులు దిద్దడానికి ప్రిన్సిపాల్ గారే స్వయంగా కూర్చున్నారు. ఒకటో ప్రయోగం, "కంప్యూటరు, బాహ్య స్వరూపం." నూట పందొమ్మిది మంది వెలుగుతున్న తెరలు గీశారు. తెర మీద కొండలు, మబ్బులు, వరసగా గుర్తులు. అందరివీ ఒకే కొండలు. టీవీ షాపు వాళ్ల క్యాలెండరు మీది కంప్యూటరు బొమ్మని మొదట ఒకడు దించితే, మిగతా నూట పద్దెనిమిది మందీ వాడి దాంట్లోంచి దించారు. ఆయన తృప్తిగా ఎర్ర సిరాతో టిక్కులు పెట్టుకుంటూ పోయి, ఒక రికార్డు దగ్గర ఆగిపోయారు.

"ఏమిటిది? చాకలి మూటా?"

భానుమూర్తి గారు తొంగి చూశారు. కాగితం మధ్యలో ముడతలు పడ్డ ప్లాస్టిక్ కవరు, పురికొస, లక్క సీలు, ఏడో నెంబరు చీటీ. భాగాలకి స్కేలు పెట్టి గీతలు లాగి పేర్లు రాసి ఉన్నాయి: 1. కవరు. 2. పురికొస. 3. లక్క సీలు. 4. ధూళి, రెండు పొరలు. 5. బల్లి, సజీవం.

పుస్తకం మీద పేరు పెచ్చెట్టి లిఖిత. బస్టాండు పక్కన జెరాక్సు కొట్టు సూర్యకాంతం కూతురు. ఊళ్లో ఎవరికి ఆన్‌లైన్‌లో ఏ దరఖాస్తు పెట్టాలన్నా సూర్యకాంతం కూతురు పెట్టాల్సిందే. భానుమూర్తి గారి ఇంటి కరెంటు కనెక్షన్‌లో పేరు మార్పించింది కూడా ఆ పిల్లే.

లిఖితని పిలిపించారు.

"ఏమ్మా, ప్రభుత్వ సొత్తు పట్ల ఈ పరిహాసం ఏమిటి?"

"పరిహాసం కాదండి. మొదటి క్లాసులోనే మాస్టారు చెప్పారండి. పుస్తకంలో ఉన్నది కాదు, ఎవరిదో చూసి కాదు, మీ కంటికి కనబడిందే గీయాలి అని. నాకు కనబడింది అదేనండి."

ప్రిన్సిపాల్ గారు మాస్టారి వైపు చూశారు. మాస్టారు కిటికీ వైపు చూశారు. ఆయన ముప్పై ఏళ్లుగా ప్రతి బ్యాచికీ మొదటి రోజు చెప్పే మాట అది. విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారని ఆయనకి ఇన్నాళ్లకి తెలిసింది.

"అందరికీ వెలుగుతున్న కంప్యూటరు కనబడితే నీ ఒక్కదానికే మూట కనబడిందా?"

"ఒకటి ఆన్ చేయించండి సార్. ఇరవై నాలుగూ ఇప్పుడే చేసి చూపిస్తాను. అరగంట చాలండి."

"ఆన్ చేస్తావా!" ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి సగం లేచారు. "తనిఖీ ముందా? నైపుణ్యాలు లేనివాళ్లే ఇలాంటి సాహసాలకి దిగుతారమ్మా." ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టారు. ధ్రువపత్రాల జాబితాలోంచి ఆ పేరు కొట్టేశారు.

లిఖిత ఏడవలేదు. వరండా దాకా నడిచి, అక్కడ నిలబడి, "మాస్టారూ, హాల్ టికెట్ రాకపోతే ఎంసెట్ కూడా పోయినట్టేనండి," అంది. "అమ్మకి ఏం చెప్పను? నేను కంప్యూటర్లో ఫెయిలయ్యానంటే మా కొట్టుకి వచ్చేవాళ్లందరూ నవ్వుతారండి."

"నేను మాట్లాడతానమ్మా," అన్నారు భానుమూర్తి గారు. ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారి గది ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగారు. మూడోసారి ప్రిన్సిపాల్ గారే బయటికొచ్చి, "మంచి సమయానికి కనబడ్డారు. ఎల్లుండే తనిఖీ. ఆ మూట రికార్డు అధికారుల కంట పడకుండా చూడండి," అన్నారు. మాస్టారు తలూపి, లిఖిత రికార్డు తన సంచిలో పెట్టుకున్నారు.

ప్రాంతీయ పర్యవేక్షణాధికారి దండపాణి గారు శుక్రవారం పది గంటలకు వచ్చారు. కొబ్బరినీళ్లు తాగి, తిన్నగా కంప్యూటరు గదికి వెళ్లి, చెప్పులు విడిచారు. భూతద్దంతో ఇరవై సీళ్లూ చూశారు. ఒక్క దానికీ చిన్న పగులైనా లేదు.

"అత్యంత శ్లాఘనీయం," అన్నారు. "అయిదేళ్లు! సదరు యంత్రములు ప్యాకింగు వాసన సైతం కోల్పోలేదు. ఇక విద్యార్థుల నైపుణ్యములకు సంబంధించిన ఆధారములు హాజరుపరచండి."

నూట పందొమ్మిది రికార్డులు బోటనీ ల్యాబు బల్ల మీద పేర్చారు. దండపాణి గారు మొదటిది తెరిచారు. వెలుగుతున్న తెర. రెండోది తెరిచారు. వెలుగుతున్న తెర. పదోదానికి వచ్చేసరికి కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్నారు.

"ప్రిన్సిపాల్ గారూ, సీళ్లు పదిలంగా ఉన్నవి."

"చిత్తం."

"అయితే ఈ తెరలు విద్యార్థులు ఎచ్చట చూసినట్టు?"

ప్రిన్సిపాల్ గారు రికార్డుల దొంతర సర్దడం మొదలుపెట్టారు. దండపాణి గారు ఆగలేదు.

"సీళ్లు తీసి, చూపించి, తిరిగి వేసి ఉంటిరా? అది ప్రభుత్వ ముద్రను భంగపరచుట. తీయకనే వీరు చూసినట్టు గీసినారా? అది సామూహిక కాపీయింగ్. రెంటిలో మీకు ఏది అనుకూలమో సెలవిస్తే ఆ ప్రకారం నివేదిస్తాను."

ప్రిన్సిపాల్ గారికి రెండూ అనుకూలంగా లేవు. "కళాశాల యాజమాన్యం..." అని మొదలుపెట్టి, ఇప్పుడు ఆ యాజమాన్యం తానేనని జ్ఞాపకం వచ్చి ఆగిపోయారు. ఏసుపాదం మంచినీళ్లు తెచ్చాడు.

భానుమూర్తి గారి చెయ్యి సంచి మీద ఉంది. తీస్తే ప్రిన్సిపాల్ గారి మాట జవదాటినట్టు. ఇంకా రెండేళ్లు ఆయన కిందే పనిచెయ్యాలి. తీయకపోతే ముప్పై ఏళ్లలో తన పాఠం విన్న ఒక్క పిల్లనీ తానే ముంచినట్టు. కిటికీలోంచి కాలువ గాలి వచ్చి బల్ల మీది కాగితాలని కదిపింది. ఆయన సంచిలోంచి రికార్డు తీశారు.

"ఇంకొకటి ఉందండి. నూట ఇరవయ్యోది."

దండపాణి గారు తెరిచారు. ఎర్ర సున్నా చూశారు. బొమ్మ చూశారు. చాలాసేపు చూశారు. రికార్డు పట్టుకుని కంప్యూటరు గదికి నడిచారు. అందరూ వెనకాలే నడిచారు.

"ఒకటి, కవరు. ఉన్నది. రెండు, పురికొస, ఎడమవైపు ముడి. ఉన్నది. మూడు, లక్క సీలు. ఉన్నది. నాలుగు, ధూళి." వేలితో గీసి చూసుకున్నారు. "రెండు పొరలు. ఉన్నవి. ఐదు, బల్లి..."

ఏడో నెంబరు కంప్యూటరు మీద బల్లి తల ఎత్తి ఆయన్ని చూసింది.

"సజీవం," అన్నారు దండపాణి గారు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో స్టాకు రిజిస్టరుతో ఇంత కచ్చితంగా సరిపోలిన రికార్డును చూసి ఎరుగను. ఈ కళాశాలలో కంప్యూటరును చూసిన విద్యార్థిని ఒక్కతే. సున్నా వేసినదెవరు?"

"పొరపాటున... ఐదు పక్కన పడాల్సిన సున్నా అండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి సున్నాకి ముందు ఐదు వేశారు. యాభైకి యాభై.

"మరి తక్కిన నూట పందొమ్మిది మంది?"

ఇప్పుడు ప్రిన్సిపాల్ గారే కాదు, మాస్టారు కూడా కంగారుపడ్డారు. ఒక పిల్లని బయటపడేసి అందర్నీ తోసెయ్యడం ఆయన ఉద్దేశం కాదు. "అయ్యా, వాళ్లు చూడలేక కాదండి, నమ్మలేక," అన్నారు. "కనబడిందే గీయొచ్చని వాళ్లకి తెలీదు. ఒక్క గంట ఇప్పించండి."

దండపాణి గారు గడియారం చూసుకున్నారు. "ఫలితములు సాయంత్రం అయిదు గంటలలోగా ఆన్‌లైనులో చేరవలెను. గంట మంజూరు."

నూట పందొమ్మిది మంది చెప్పులు విడిచి కిటికీ మీద పడ్డారు. "ఒరేయ్, నెట్టకు, సీలు కనబడట్లేదు!" "నీ తల తియ్యవే, బల్లి వెళ్లిపోతంది!" గంటలో నూట పందొమ్మిది మూటలు తయారయ్యాయి. బల్లి మధ్యలో కిటికీ మీదకి పోయింది. అది పోయాక కూడా గీసినందుకు శాలువా కుర్రాడికి దండపాణి గారు అరమార్కు తగ్గించారు.

అందరూ పాసయ్యారు. ఇక పంపడమే తరువాయి. పంపేదెలాగ?

"మీ కార్యాలయం నుంచి పంపుతారేమో," అన్నారు ప్రిన్సిపాల్ గారు ఆశగా.

"మావి మీకన్నా మెరుగ్గా భద్రపరచితిమి. రెండు కవర్లు," అన్నారు దండపాణి గారు.

నాలుగు గంటలకు ప్రభుత్వ జీపు బస్టాండు పక్కన జెరాక్సు కొట్టు ముందు ఆగింది. సూర్యకాంతం వక్కపొడి డబ్బా దాచేసి లేచి నిలబడింది. లిఖిత కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రిన్సిపాల్ గారు అలవాటుగా గుమ్మంలో చెప్పులు విడిచారు.

"నూట ఇరవై మంది, ఒక్కొక్కరికి ఇరవై నాలుగు గడులు," అన్నారు దండపాణి గారు. "అయిదు లోగా మానవమాత్రులకు సాధ్యమేనా?"

లిఖిత మొదటి గడిలో "సాధించెను" అని కొట్టి, మౌస్ పట్టుకుని కిందికి లాగింది. తెర నిండా "సాధించెను" నిండిపోయింది.

"ఇది... ఇది ఏ నైపుణ్యం?" అన్నారు ఆయన వెనక్కి తగ్గి.

"పదకొండోదండి," అన్నారు భానుమూర్తి గారు. "రికార్డులో రెండు పేజీలు."

చివరి వరసలో తన పేరు దగ్గర లిఖిత వేళ్లు ఆగాయి. "మాస్టారూ, నాది కూడా పంపెయ్యనా అండి?"

"నీదే ముందు పంపాల్సిందమ్మా."

హాల్ టికెట్లు వచ్చాయి. పరీక్షలయ్యాయి. మే నెలలో మూడో ఉత్తర్వు వచ్చింది. చింతలంక పద్ధతి ఆదర్శప్రాయమని అందులో రాశారు. రాబోయే సంవత్సరం నుంచి రాష్ట్రమంతటా ఒకటో ప్రయోగం "కంప్యూటరు, కవరు సహితం" అట. నమూనా బొమ్మ కింద "బల్లి (ఐచ్ఛికం)" అని ఉంది. వైకుంఠరావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని కవరులోంచి తీయకుండానే గోడకి తగిలించారు.

లిఖితకి కాకినాడలో ఇంజనీరింగు సీటు వచ్చింది. వెళ్లడానికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం ఎండలో, భానుమూర్తి గారు గొడుగేసుకుని జెరాక్సు కొట్టుకి వచ్చారు. చంకలో కొత్త రికార్డు పుస్తకం ఉంది.

"ఏంటి మాస్టారూ, దరఖాస్తా అండి?"

"కాదమ్మా. ప్రయోగం." ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "నూట ఇరవై మందికి చెప్పాను. నేనింకా చెయ్యలేదు."

సూర్యకాంతం స్టూలు తుడిచి వేసి, ఫ్యాను ఆయన వైపు తిప్పింది. లిఖిత కంప్యూటరు ఆపేసి, ఒక బొత్తాం చూపించింది. "అది నొక్కండి. గట్టిగా అక్కర్లేదండి."

ఆయన నొక్కారు. కాసేపు ఏమీ కాలేదు. "లోడ్ అవుతోంది," అని తనకి తానే చెప్పుకుని కదలకుండా కూర్చున్నారు. తర్వాత తెర వెలిగింది.

ఆయన రికార్డు తెరిచి, పెన్సిలు చెక్కుకుని, ఎడమవైపు కనబడింది కనబడినట్టు గీశారు. కొండలూ మబ్బులూ లేవు. సూర్యకాంతం కొట్టు తెర మీద లిఖిత చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చున్న ఫొటో ఉంది. అదీ గీశారు. కుడివైపు రాశారు: "ఉద్దేశం: కంప్యూటరును ఆన్ చేయుట. పరిశీలన: వెలిగినది. జాగ్రత్తలు: ఏమీ అవసరం రాలేదు."

రాసి, పుస్తకం ఆ పిల్ల ముందుకి జరిపారు.

"అధ్యాపకుని సంతకం దగ్గర పెట్టమ్మా," అన్నారు.

లిఖిత బొమ్మని పరీక్షగా చూసింది. తెరనీ చూసింది. "మాస్టారూ, మా అమ్మ జడ ఎడమవైపుకి ఉందండి, మీరు కుడివైపు వేశారు," అంది.

ఆయన గబగబా రబ్బరు తీశారు. జడ సరిచేశాకే ఆమె సంతకం పెట్టింది.